ఇగ్నాజ్ ఫ్రీడ్‌మన్ పాత రికార్డులు: గరగర వెనక ఏం వినాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు పియానో నేర్చుకుంటున్నారు, పియానో కోసం ఎన్నో రచనలు చేసిన షోపాన్ అంటే ఇష్టం. ఎవరో ఇగ్నాజ్ ఫ్రీడ్‌మన్ అనే పాతకాలపు పోలండ్ పియానిస్టుని వినమని చెప్పారు. యూట్యూబ్‌లో పెడితే ముందు గరగర వినిపించింది, తర్వాత వినిపించిన సంగీతంలో రెండు చేతులూ కలిసి పడటం లేదు, తాళం కూడా నిలకడగా లేదు. దీన్ని జనం అంతలా ఎందుకు మెచ్చుకుంటారు, నిజంగా వినదగ్గవి ఏవి అని అడిగారు.

నేను చాలా ఏళ్ళుగా ‘78 ప్లేట్లు’ అనే పాతకాలపు గ్రామఫోన్ రికార్డులు పోగుచేస్తున్నాను, వాటిని శుభ్రం చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని కూడా తెలుసు. పియానో రికార్డుల్లో నేను మళ్ళీ మళ్ళీ తిరిగి వెళ్ళేది ఫ్రీడ్‌మన్ దగ్గరికే. ఒక్క మాట ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఫ్రీడ్‌మన్ సంగీతం రాసేవాడు. తొంభైకి పైగా రచనలు ఉన్నాయి ఆయనవి. షోపాన్‌ని వాయించేటప్పుడు కూడా, అచ్చులో ఉన్నది అప్పజెప్పే మనిషిలా కాకుండా, ఈ స్వరం ఇక్కడికి ఎందుకొచ్చింది, దాని కింద ఇంకో గొంతు ఏం చేస్తోంది అని తెలిసి రాయగలిగిన మనిషిలా వాయిస్తాడు. మీకు తాళం తప్పినట్టు, చేతులు కలవనట్టు వినిపించినవాటిలో చాలా భాగం దాని వల్లే. ఇది పట్టుకుంటే ఆ రికార్డులు తెరుచుకుంటాయి.

అయితే దానికన్నా ముందు, మీరు విన్నది అసలు రికార్డేనా అన్నది చూసుకోవాలి. ఆయన పేరుతో నెట్‌లో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి ప్లేట్ల మీంచి ఎక్కించినవి. రెండోది పియానో రోల్స్, అంటే కాయితం చుట్టకి చిల్లులు పొడిచి, దాన్ని ఒక యంత్రం పియానోకి తగిలిస్తే తనంతట తాను వాయించేవి. వాటిని ఈమధ్య కాలంలో మంచి పియానో మీద నడిపించి మంచి మైకులతో తీసి పెడుతుంటారు, కింద మాత్రం ‘ఫ్రీడ్‌మన్ వాయించినది’ అని రాస్తారు. వినడానికి గరగర ఉండదు, అద్దంలా ఉంటుంది. కానీ ఏ మెట్టు ఎప్పుడు నొక్కాడన్నది రోల్‌లో ఉంటే ఉండొచ్చు గానీ, ఎంత బలంతో నొక్కాడు అన్నది చాలా కంపెనీల రోల్స్‌లో తర్వాత ఆఫీసులో కూర్చుని దిద్దినదే. ఫ్రీడ్‌మన్ గొప్పతనం దాదాపు అంతా ఒక స్వరానికీ పక్క స్వరానికీ మధ్య ఉన్న బలంలోని తేడాలోనే ఉంది. అది పోతే ఇంకేం మిగిలింది? కాబట్టి మొదటి సూత్రం: గరగర లేకపోతే అనుమానించండి.

ఇక ఆ గరగర సంగతి. ఆ రోజుల్లో ప్లేట్లు లక్కతో చేసేవాళ్ళు. ఆ లక్క ప్రపంచం మొత్తానికీ ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది. లండన్‌లో పియానో వాయిస్తే అది నిలిచింది మన అడవుల్లోని లక్కపురుగు పుణ్యమా అని, ఆ సంగతి తలుచుకుంటే నాకు ఎప్పుడూ ఒక రకమైన సంతోషం. అయితే ప్లేటులో లక్క కన్నా రాతిపొడే ఎక్కువ. ఉక్కు ముల్లు గాడిలో తిరిగేకొద్దీ ఆ పొడికి అరిగి గాడి ఆకారానికి సరిపోవాలని అలా కలిపేవాళ్ళు. మీరు వినే గరగర ఆ పొడిదే. ఫ్రీడ్‌మన్ రికార్డులన్నీ కొలంబియా కంపెనీకి చేశాడు, అది మన అదృష్టం. ఎందుకంటే కొలంబియా వాళ్ళు 1920ల్లో లోపల ముతక సరుకు పెట్టి, పైన మాత్రం సన్నటి పొడి ఉన్న పలచటి పొర వేసే పద్ధతి తెచ్చారు. మంచి కాపీ దొరికితే తోటి కంపెనీల ప్లేట్ల కన్నా శబ్దం బాగా తక్కువ. అలాంటి కాపీ నుంచి జాగ్రత్తగా ఎక్కించినదీ, అరిగిపోయిన కాపీ నుంచి ఎక్కించి గరగర పోవాలని సాఫ్ట్‌వేర్‌తో గీకేసినదీ పక్కపక్కన పెట్టి వినండి. రెండోదాంట్లో గరగరతో పాటు పియానో పైస్వరాల మెరుపు కూడా పోతుంది, నీళ్ళలోంచి వినిపించినట్టు ఉంటుంది. నా సలహా, గరగర కొంచెం ఎక్కువున్న ఎక్కింపునే ఎంచుకోండి. ద్వారం వెంకటస్వామినాయుడు గారి పాత ప్లేట్లు విన్నవాళ్ళకి ఇది అనుభవమే, మొదటి అరనిమిషం శబ్దం వినిపిస్తుంది, తర్వాత చెవి దాన్ని పక్కన పెట్టేస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో ఆ పని కష్టం, గరగర చెవిలోనే కూర్చుంటుంది. గదిలో ఒక మామూలు స్పీకర్ పెట్టి, కాస్త దూరంగా కూర్చుని వినండి. మోనో ఆప్షన్ ఉంటే అది నొక్కండి.

వేగం కూడా చూసుకోవాలి. 78 ప్లేట్లు అని పేరే గానీ, ఆ కాలపు కొలంబియా ప్లేట్లలో చాలావాటిని నిమిషానికి 80 చుట్లు తిప్పాలి. తెలియనివాళ్ళు 78లో తిప్పి ఎక్కిస్తే శృతి ఒక స్వరస్థానంలో సగానికి కాస్త తక్కువగా దిగిపోతుంది, నడక కూడా కొంచెం నీరసపడుతుంది. మీ దగ్గర కీబోర్డు ఉంది కదా, రచన ఏ శృతిలో రాసి ఉందో ఆ మెట్టు నొక్కి చూడండి. రెండు మెట్లకీ మధ్య ఎక్కడో వేలాడుతుంటే ఆ అప్‌లోడ్ వదిలేయండి. ఇంత గొడవ వద్దనుకుంటే నాక్సోస్ అనే రికార్డు కంపెనీ వాళ్ళు అయిదు సీడీలుగా తెచ్చిన సెట్టు తీసుకోండి, స్ట్రీమింగ్‌లోనూ దొరుకుతుంది. వాటిని ఎక్కించినది వార్డ్ మార్‌స్టన్. ఆయనకి చూపు లేదు, స్వయంగా పియానిస్టు, ఈ పనిలో ఆయన చెవి మీద నాకు పూర్తి నమ్మకం.

అయిదు సీడీలు అంటే గమనించండి, 2800 దాకా కచేరీలు చేశాడని చెప్పే మనిషి నుంచి మనకి మిగిలింది అంతే.

మనిషి గురించి కొంచెం. 1882లో పొద్‌గూజెలో పుట్టాడు. అప్పట్లో అది పోలండ్‌లోని క్రాకోవ్‌కి ఎదురుగా, విస్తులా నదికి అవతలి ఒడ్డున ఉన్న వేరే ఊరు, ఆస్ట్రియా సామ్రాజ్యం కింద ఉండేది, ఇప్పుడు క్రాకోవ్‌లో కలిసిపోయింది. యూదు కుటుంబం. క్రాకోవ్‌లో ఫ్లోరా గ్రిజివిన్‌స్కా అనే ఆవిడ దగ్గర చిన్నప్పటి పాఠాలు, లైప్‌జిగ్‌లో హ్యూగో రీమన్ దగ్గర సంగీతరచన, ఆ తర్వాత వియన్నాలో థియోడోర్ లెషెటిట్స్కీ దగ్గర శిష్యరికం. లెషెటిట్స్కీ అంటే అప్పటి పియానో ప్రపంచంలో సగం మందికి గురువు, పాదెరెవ్‌స్కీ, ష్నాబెల్ కూడా ఆయన శిష్యులే. ఫ్రీడ్‌మన్ తర్వాత ఆయనకి సహాయకుడిగా పాఠాలు కూడా చెప్పాడు. 1904లో వియన్నాలో మొదటి పెద్ద కచేరీ చేసినప్పుడు ఒకే రాత్రి మూడు కన్సర్టోలు, అంటే వాద్యబృందంతో కలిసి పియానో వాయించే పెద్ద రచనలు, వాయించాడు (డి మైనర్ లాంటివి ఆ రచనల శృతి పేర్లు): బ్రామ్స్ డి మైనర్, చైకోవ్‌స్కీ బి-ఫ్లాట్ మైనర్, లిస్ట్ ఈ-ఫ్లాట్. వీటిలో ఒక్కటి వాయించినా మనిషి ఆ రాత్రికి అలిసిపోతాడు. వేళ్ళ బలం విషయంలో ఆయనకి ఎవరి దగ్గరా సర్టిఫికెట్ అక్కర్లేదు అని చెప్పడానికే ఇది చెప్తున్నాను, ఎందుకంటే రికార్డుల్లో మీకు వింతగా వినిపించేవి చేతకాక చేసినవి కావు.

ఇక వినడానికి షోపాన్ మజుర్కాలతో మొదలుపెట్టండి, పోలండ్ నృత్యాల తీరులో రాసిన చిన్న పియానో ముక్కలు అవి. 1929, 30ల్లో తీసినవి. మొదట ఓపస్ 33లో (ఓపస్ అంటే రచనల వరుస సంఖ్య) రెండోది, డి మేజర్‌లోది.

మజుర్కా మూడు దెబ్బల నడక అని పుస్తకంలో ఉంటుంది, మీ టీచర్ కూడా అలాగే చెప్పి ఉంటారు. కానీ పోలండ్ పల్లెల్లో ఆడే ఆ నృత్యాల్లో మూడు దెబ్బలూ సమానంగా ఉండవు. మాజుర్, కుయావియాక్, ఒబెరెక్ అని వేర్వేరు నృత్యాలున్నాయి, ఒక్కోదాని వేగం ఒక్కో తీరు, ఊనిక ఒక్కోసారి రెండో దెబ్బ మీద, ఒక్కోసారి మూడో దెబ్బ మీద పడుతుంది. ఇది షోపాన్ కాలంలోనే పెద్ద తగువు. ఛార్లెస్ హాలే అనే పియానిస్టు షోపాన్‌తో నువ్వు వాయిస్తుంటే మూడు కాదు, నాలుగు దెబ్బలు లెక్కకొస్తున్నాయి అన్నాడు. షోపాన్ మొదట ఒప్పుకోలేదు, హాలే గట్టిగా లెక్కపెట్టి చూపించాక నవ్వేసి, అది మా దేశపు నృత్యం స్వభావం అన్నాడు. మేయర్‌బీర్ అనే స్వరకర్త అయితే రెండు దెబ్బలే అని పట్టుబట్టాడు, షోపాన్‌కి ఆ రోజు కోపం కూడా వచ్చింది. అంటే రాసిన మనిషే వాయిస్తుంటే పక్కన కూర్చున్న పెద్ద సంగీతకారులకి లెక్క తేలలేదు.

ఇప్పుడు ఫ్రీడ్‌మన్ ప్లేటు పెట్టి, వేళ్ళతో మూడు కొట్టుకుంటూ వినండి. మీ లెక్క చెడిపోతుంది. రెండో దెబ్బ రావాల్సిన దానికన్నా ముందే వచ్చేస్తుంది, వచ్చి అక్కడే కాసేపు నిలబడుతుంది, మూడోది దాని వెనకాల తేలిగ్గా దిగుతుంది. రెండోసారి వినేటప్పుడు మూడు కొట్టడం మానేసి, ప్రతి బార్‌లో, అంటే మూడు దెబ్బల ఒక్కో చుట్టులో, మొదటి దెబ్బకి మాత్రమే తల ఊపండి. అప్పుడు మీ తలా ఆయన చెయ్యీ దాదాపు ఎప్పుడూ కలుస్తాయి. తాళం చెదరలేదన్నమాట, తాళం లోపలి భాగాలే కదిలాయి. ఎడమచేతిని మాత్రమే వింటూ మూడోసారి వినండి. ఆ కింది స్వరం మీద పాదం నేలకి తగిలిన బరువు ఉంటుంది, తర్వాతి రెండు స్వరాల గుత్తులూ పాదం పైకి లేచినట్టు. ఈ రచనలో ఒకే వాక్యం పదే పదే వస్తుంది, ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా వాయించమని షోపాన్ రాశాడు. చాలామంది రికార్డుల్లో అది గట్టి-మెత్త, గట్టి-మెత్త అని నాలుగుసార్లకే విసుగు పుట్టిస్తుంది. ఫ్రీడ్‌మన్ దగ్గర ప్రతిసారీ ఆ రెండో దెబ్బ నిలబడే సేపు ఇంచుక మారుతుంది, లోపలి స్వరాల్లో ఎప్పుడూ వినపడనిది ఒకటి పైకొస్తుంది. అందుకే అదే వాక్యం అని మనసుకి తట్టదు.

చిన్నప్పుడు పల్లెల్లో మజుర్కా ఆడటం చూశాడనీ, తనూ ఆడాడనీ అంటారు. నాకు మాత్రం ఆ కథ లేకపోయినా ప్లేటే చాలు.

తర్వాత ఓపస్ 63లో మూడోది వినండి, సి-షార్ప్ మైనర్. ఇది నెమ్మది, దిగులుగా ఉంటుంది. చివర్లో ఒక చోట షోపాన్ చిన్న పని చేశాడు. పైన పాడుతున్న స్వరాన్నే కింద ఇంకో గొంతు కాస్త ఆలస్యంగా, ఒక స్థాయి తగ్గించి, వెంబడిస్తుంది. చాలామంది ఆ చోట పై స్వరాన్నే పాడించి, కిందిదాన్ని గుంపులో కలిపేస్తారు. ఫ్రీడ్‌మన్ దగ్గర ఇద్దరు మనుషులు వినిపిస్తారు. రెండో గొంతుకి తనదైన రంగు, తనదైన ఊపిరి. సంగీతం రాసేవాడు వాయిస్తే ఎలా ఉంటుందని నేను పైన అన్నది ఇలాంటి చోటు గురించే.

మజుర్కాలు చెవికి అలవాటయ్యాక అప్పుడు షోపాన్ నాక్టర్న్‌కి రండి, రాత్రివేళ పాటలా సాగే పియానో ముక్క అది. ఓపస్ 55లో రెండోది, ఈ-ఫ్లాట్ మేజర్, 1936లో తీసినది. షోపాన్ రికార్డులన్నిటిలో నాకు ఒక్కటే ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను, ఇలా అనేవాళ్ళు ప్రపంచంలో నేనొక్కణ్ణే కాదు.

ఈ నాక్టర్న్‌కి మధ్యలో వేరే భాగం, తుఫాను, మళ్ళీ మొదటి పాట అని ఏమీ లేదు. మొదట పైన ఒక్క బి-ఫ్లాట్ మోగుతుంది, దాని కింద ఎడమచెయ్యి చాలా వెడల్పుగా, మూడేసి స్వరాల అలలుగా మొదలవుతుంది, అంతే, ఇక చివరిదాకా ఆగదు. కొన్ని బార్ల తర్వాత కుడిచేతిలోనే ఇంకో గొంతు బయల్దేరుతుంది. అంటే అయిదు వేళ్ళలో చివరి రెండు ఒక పాట, మిగతావి ఇంకో పాట. ఈ రెండో పాట ముందు పాటకి తోడు కాదు, ఒక్కోసారి దానికి జవాబు చెప్తుంది, ఒక్కోసారి దాన్ని పట్టించుకోకుండా తన దారిన పోతుంది. ఇప్పటి పియానిస్టులు దీన్ని చాలా నెమ్మదిగా, అయిదు నిమిషాలు దాటించి వాయిస్తుంటారు. ఫ్రీడ్‌మన్ ప్లేటు నాలుగున్నర నిమిషాలకి అటూఇటూ. పన్నెండంగుళాల ప్లేటు ఒక వైపు పట్టేది ఇంచుమించు అంతే కాబట్టి తొందరపడ్డాడు అనేవాళ్ళున్నారు. నాకు అలా వినపడదు. ఆ నడకలో రెండు పాటలూ ఊపిరి తెగకుండా పాడగలుగుతున్నాయి. నెమ్మదిగా వాయిస్తే పియానోలో స్వరం మోగి తగ్గిపోతుంది, పొడుగు వాక్యం మధ్యలోనే చచ్చిపోతుంది.

ఇందులో మీరు అడిగిన ‘చేతులు కలవకపోవడం’ కూడా బాగా వినిపిస్తుంది. లెషెటిట్స్కీ బడిలో చాలామందికి ఆ అలవాటుంది, ఎడమచేతి కింది స్వరం ముందు పడుతుంది, కుడిచేతి పాట ఒక లిప్త తర్వాత వస్తుంది. పాదెరెవ్‌స్కీ రికార్డుల్లో ఇది దాదాపు ప్రతి బార్‌లోనూ ఉండి, నాకు కూడా కాసేపటికి అలసట వస్తుంది. ఫ్రీడ్‌మన్ అలా కాదు. ఏ స్వరం పాడాలో అది మాత్రమే కాస్త విడిగా పడుతుంది, మిగతావి కలిసే పడతాయి. విడిగా పడిన స్వరం గట్టిగా కొట్టకుండానే వినిపిస్తుంది, అదీ దాని ఉపయోగం. షోపాన్ తన శిష్యులకి ఎడమచెయ్యి వాద్యబృందాన్ని నడిపించే మనిషి లాంటిది, అది తాళం వదలకూడదు, కుడిచెయ్యి మాత్రం పాటగాడిలా ముందువెనకలు కావచ్చు అని చెప్పేవాడని ఆ శిష్యులే రాసిపెట్టారు. మృదంగం నిలకడగా ఉండగా పాడే మనిషి స్వరాన్ని కాస్త ఆగి అందుకుంటే మనం తాళం తప్పిందనం కదా, అలాగే వినండి.

తప్పు స్వరాల గురించి కూడా ఒక మాట, ఎవరో ఒకరు తప్పకుండా లెక్కపెట్టి చెప్తారు కాబట్టి. అవును, ఉన్నాయి. ఆ రోజుల్లో టేపు లేదు, ముక్కలు అతికించడం లేదు. మైనం మీద ముల్లు గీస్తుంటే మొదటి స్వరం నుంచి చివరిదాకా ఒక్క బిగిన వాయించాలి. బాగా రాకపోతే మొత్తం మళ్ళీ వాయించాలి, అన్నిటిలోకీ బాగున్నది అచ్చు వేసేవాళ్ళు. 1925కి ముందు మైకు కూడా లేదు, పెద్ద గరాటు ముందు పియానో పెట్టి వాయించేవాళ్ళు. ఫ్రీడ్‌మన్ మొదటి రికార్డులు, 1923 నుంచి రెండేళ్ళు, అలాంటివే. వాటిలో కింది స్వరాలు సగం వినపడవు, మొదటే వాటి జోలికి వెళ్ళకండి. చెవి కుదిరాక వెళ్ళొచ్చు.

ఇంకేం వినాలి? మెండెల్సన్ ‘మాటలు లేని పాటలు’లో తొమ్మిది చేశాడు, 1930, 31లో. వాటిలో ఓపస్ 38లో ఆరోది, ‘డ్యుయెటో’, తప్పకుండా వినండి. ఒక ఆడగొంతు, ఒక మగగొంతు, మొదట విడివిడిగా, చివరికి కలిసి. మెండెల్సన్‌ని అతి తియ్యగా వాయించి పాడుచేసిన రికార్డులు కోకొల్లలు, ఇక్కడ ఆ తీపి లేదు, ఇద్దరు పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నట్టుంటుంది. వయొలినిస్టు బ్రోనిస్లావ్ హూబర్‌మన్‌తో కలిసి 1930లో చేసిన బీథోవెన్ ‘క్రాయిట్జర్’ సొనాటా కూడా గట్టిది, ఇద్దరూ ఒకరికొకరు తగ్గరు. 1928లో ఫిలిప్ గొబేర్ వాద్యబృందంతో చేసిన గ్రీగ్ కన్సర్టో మాత్రం మొదట వినొద్దు. వాద్యబృందం శబ్దం పీలగా ఉంటుంది, పైగా గ్రీగ్ రాసినదానికి ఫ్రీడ్‌మన్ అక్కడక్కడా సొంత చేర్పులు చేశాడు. షోపాన్‌లో కూడా ఎడమచేతి కింది స్వరానికి ఇంకో స్థాయి కింద జోడిస్తాడు ఒక్కోచోట. ఇది నచ్చనివాళ్ళ మాట నేను కొట్టెయ్యను. కానీ ఇదే మనిషి షోపాన్ రచనలన్నిటినీ బ్రైట్‌కోఫ్ అండ్ హార్టెల్ ప్రచురణకర్తలకి సంపాదకత్వం వహించి ఇచ్చాడు. అచ్చులో ఏముందో తెలియక మార్చాడు అనడానికి వీల్లేదు.

ఇక ఆయన సొంత రచనలు. తను వాయించి రికార్డు చేసినవి చిన్నచిన్నవే: ‘ఎల్ డాన్స్’, సంగీతపు పెట్టెలా మోగే ‘తబాతియేర్ అ మ్యుజిక్’, ‘మార్కీ ఎ మార్కీజ్’. ఇవి కచేరీ చివర్లో చప్పట్లకి వాయించే ముక్కలు. లోతు కోసం వెతకొద్దు, ఆ వేళ్ళ తేలిక వినండి చాలు. ఎడ్వర్డ్ గార్ట్‌నర్ అనే గాయకుడి పాటల మీద అల్లిన వియన్నా నృత్యాలు మాత్రం వేరే సంగతి. వియన్నా వాల్ట్జ్‌లో కూడా రెండో దెబ్బ తొందరగా వస్తుంది, కానీ మజుర్కాలో వచ్చినట్టు కాదు. మజుర్కాలో అది వచ్చి బరువుగా నిలబడుతుంది, వాల్ట్జ్‌లో ముందుకి తోసేస్తుంది. మజుర్కా ఒకటి, ఈ వియన్నా నృత్యం ఒకటి వెంటవెంటనే వింటే ఆ తేడా మీకు పది పుస్తకాల కన్నా బాగా తెలుస్తుంది. రాసినవాటిలో పెద్దది 1918 నాటి సి మైనర్ పియానో క్వింటెట్, అంటే పియానో, నాలుగు తీగవాద్యాలు కలిసి వాయించేది. దీన్ని ఆయన రికార్డు చెయ్యలేదు, జొనాథన్ ప్లోరైట్, షిమనోవ్‌స్కీ క్వార్టెట్ కలిసి హైపీరియన్ కంపెనీకి చేసిన రికార్డు ఉంది. అప్పటికే యూరప్‌లో సంగీతం ఎటో వెళ్ళిపోయింది, ఇది ఇంకా పాత తరం బ్రామ్స్ ఇంటి దగ్గరే ఉంది. అయినా నెమ్మది భాగంలో తీగవాద్యాల లోపలి గొంతులు రాసిన తీరు చూస్తే, నాక్టర్న్‌లో ఆ రెండో పాటని అంతలా ఎలా పాడించాడో అర్థమవుతుంది. నేనైతే నాక్టర్న్ విన్న వారంలోనే ఇది వినమంటాను.

ఇంత గొప్పవాణ్ణి ఎందుకు మర్చిపోయారు అని కూడా అడగొచ్చు మీరు. ఒకటి కాలం. చివరి వాణిజ్య రికార్డులు 1936వి. అంటే ఒక్కో వైపు ఎక్కువసేపు మోగే ఎల్‌పీ ప్లేట్లు రాకముందే అయిపోయాయి, కొలంబియా జాబితాలోంచి ప్లేట్లు మెల్లగా మాయమయ్యాయి. రెండు యుద్ధం. 1940లో కచేరీల కోసం ఆస్ట్రేలియా వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. సిడ్నీలో ఉన్నాడు, న్యూజీలాండ్ కూడా వెళ్ళొచ్చాడు. 1943 మార్చిలో పొద్‌గూజెలో, ఆయన పుట్టిన ఊళ్ళోనే, నాజీలు క్రాకోవ్ యూదుల ఘెట్టోని తుడిచిపెట్టేశారు. అదే సంవత్సరం ఆయన ఎడమచేతికి నరాల జబ్బు వచ్చి కచేరీలు ఆగిపోయాయి. 1948 జనవరి 26న సిడ్నీలోనే పోయాడు. ఆస్ట్రేలియా రేడియోలో వాయించినవి ఉండి ఉంటే మనకి పెద్ద రచనలు, సొనాటాలు, కన్సర్టోలు, ఆయన చేతిలో ఎలా ఉండేవో తెలిసేది. అవి మిగల్లేదు. న్యూజీలాండ్ రేడియోలో మాట్లాడిన మాటలు మాత్రం కొన్ని మిగిలాయి, అందులో షోపాన్ గురించీ పాదెరెవ్‌స్కీ గురించీ ఆయన గొంతే వినొచ్చు. చేతులు ఆగిపోయిన మనిషి గొంతు మిగలడం ఏమిటో అనిపిస్తుంది నాకు ప్రతిసారీ. మూడో కారణం అభిరుచి. యుద్ధం తర్వాత పోటీలు పెరిగాయి, అచ్చులో ఉన్నది ఉన్నట్టు వాయించడమే నిజాయితీ అనే పట్టింపు వచ్చింది, టేపు వచ్చాక తప్పు స్వరం నేరమైపోయింది. ఆ కొలమానంతో చూస్తే ఫ్రీడ్‌మన్ ఇష్టం వచ్చినట్టు వాయించే పాతకాలపు మనిషి. ఆయన బతికుండగానే కొందరు విమర్శకులు ఆ మాట అన్నారు. మళ్ళీ ఆయన పేరు వినపడటానికి అలన్ ఎవాన్స్ లాంటివాళ్ళు కారణం, ఎవాన్స్ ఫ్రీడ్‌మన్ జీవితచరిత్ర రాశాడు, ఆర్బిటర్ అని ఒక రికార్డు సంస్థ పెట్టి ఇలాంటివాళ్ళ రికార్డులు వెలికితీశాడు.

అదే సంస్థ ఇంకో మనిషిని బయటికి తెచ్చింది, ఇగ్నేస్ టీగర్‌మన్. ఫ్రీడ్‌మన్ శిష్యుడు, 1931లో కైరో వెళ్ళి అక్కడే సంగీత పాఠశాల పెట్టుకుని ఉండిపోయాడు. పాలస్తీనా మూలాలున్న రచయిత ఎడ్వర్డ్ సయీద్ ఆయన దగ్గర పియానో నేర్చుకున్నాడు. టీగర్‌మన్ మిగిల్చినవి కొద్ది రికార్డులే, శబ్దం ఇంకా ఘోరం, కానీ లోపలి గొంతుల్ని పాడించే ఆ విద్య అక్కడ కూడా ఉంది. మరో దారిలో వెళ్ళాలనుకుంటే రౌల్ కోచాల్‌స్కీని వినండి. ఆయనా పోలండ్ వాడే, ఆయనా సంగీతం రాసినవాడే, ఫ్రీడ్‌మన్ పోయిన ఏడాదే పోయాడు. షోపాన్ శిష్యుడు మికూలికి శిష్యుడు. ఓపస్ 9లో రెండో నాక్టర్న్‌ని, షోపాన్ తన శిష్యులకి రాసిచ్చిన అలంకారాలతో సహా, 1938లో రికార్డు చేశాడు. ఫ్రీడ్‌మన్ కన్నా మెత్తన, బరువు తక్కువ. ఇద్దరూ షోపాన్‌కి దగ్గరివాళ్ళమనే వస్తారు, ఇద్దరూ ఒకలా వాయించరు. అది వింటే ‘అసలైన షోపాన్ శైలి’ అని ఎవరైనా గట్టిగా చెప్పినప్పుడు మీరు కాస్త ఆగి ఆలోచిస్తారు.

మీ సాధన గురించి అడగలేదు గానీ చెప్తున్నాను. ఫ్రీడ్‌మన్ మజుర్కా విని అలాగే వాయించాలని వెంటనే కూర్చోకండి. ఎడమచెయ్యి ఒక్కటే, వారం రోజులు, మొదటి దెబ్బ బరువు, రెండోది ముందు రావడం, అంతే వాయించండి, పైన పాట మనసులో పాడుకుంటూ. పాట కలిపాక ఎడమచెయ్యి మళ్ళీ మూడు సమాన దెబ్బలైపోతుంది, అందరికీ అవుతుంది. అప్పుడు పాట తీసేసి మళ్ళీ మొదటికి రండి. పరీక్షల్లో మాత్రం మీ టీచర్ చెప్పినట్టే వాయించండి, ఈ రెండో దెబ్బ సంగతి ముందు ఆవిడతోనో ఆయనతోనో మాట్లాడి.

మీరు విన్న వీడియో లింకు కింద పెట్టండి. రోలో, ప్లేటో, వేగం సరిగ్గా ఉందో లేదో విని చెప్తాను.